సిగ కొలిచిన చెయ్యి

నేను గింజలు కొలిచే ఒక మానికను. నా ముందు అతికించిన చీటీలో మాత్రం ‘పాతకాలపు ఇత్తడి పాత్ర’ అని ఉంది. అందుకు నాకు పెద్ద బాధ లేదు. పేరు తప్పు రాసినంత మాత్రాన సరుకు మారిపోదు. నన్ను ఈ గాజు పెట్టెలో పెట్టేముందు ఒకాయన నాలో నీళ్ళు పోసి, ఎంత పడతాయో చూసుకున్నాడు. నీళ్ళు అంచు దాకా వచ్చి బుద్ధిగా ఆగిపోయాయి. గింజలు అలా ఆగవు. పోసే చెయ్యి ఇష్టపడి పోస్తే అంచు దాటి పైకి లేచి కొప్పులాగా నిలబడతాయి. ఆ కొప్పునే సిగ అంటారు. నేను చూసిన లాభనష్టాలన్నీ దాదాపు ఆ సిగ దగ్గరే జరిగాయి. అందుకే ఆ సంగతి చెబుతాను. వినేవాళ్ళకు ఖర్చేమీ లేదు.

నన్ను పోసింది రాచగుట్ట పాళెంలో ఒక కంచరి. విరిగిన దీపపు సెమ్మె, బీటలు వారిన చెంబు, కాలం తీరిన గుర్రపు గంటలు, ఇవన్నీ కరిగితే నేనయ్యాను. ఏ ముక్క ఏ ఇంటిదో మూసలో పడ్డాక ఎవరూ చెప్పలేరు. అప్పటికి పాళెమంతా ఒకే దొరది. ఆయన ముద్ర, ఎద్దు తల, నా నడుముకు కొట్టారు. ఆ ముద్ర ఉంటే ముళ్ళేటికి ఏ గట్టున కొలిచినా ఆ కొలత చెల్లుతుంది.

ముళ్ళేరు పెద్ద ఏరేమీ కాదు. ఎండాకాలం మేకలు కూడా దాటిపోతాయి. కానీ మనుషులు దాన్ని చాలా పెద్దది చేసుకున్నారు. ఎగువ గట్టు మెట్టసీమ. అక్కడ వాన పడితే కొర్రలు, జొన్నలు. పడకపోతే ఆకాశం వైపు చూడటం. దిగువ గట్టు మడిసీమ. అక్కడ కాలవ నీళ్ళు, వరి. మెట్టవాళ్ళు ఏది కొలిచినా సిగ పోసి కొలుస్తారు. తల లేని కొలత శవం మీద చల్లే బియ్యానికేనని వాళ్ళ నమ్మకం. మడివాళ్ళు గింజలు పోసి, అరచేత్తో అంచు మీద ఒక్క కోత కోసి, మిగిలింది కుప్పలోకే నెట్టేస్తారు. సిగ పోస్తే దిష్టి తగులుతుందని వాళ్ళ నమ్మకం. మెట్టవాళ్ళు మడివాళ్ళను పిసినారులంటారు. మడివాళ్ళు మెట్టవాళ్ళను ‘ఇంట్లో లేకున్నా కొప్పులో పూలు’ అంటారు. ఇద్దరూ తినేది అవే గింజలు. ఇద్దరి ఆకలికీ సిగా లేదు, కోతా లేదు. అయినా ఆ చేతివాటం తల్లిపాలతో పాటు ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

నన్ను కొన్నది రేవు బజారులో గింజల అంగడి పెట్టుకున్న కోమటి ఇల్లాలు కన్నికమ్మ. భర్త పోయాక అంగడి తనే నడుపుతోంది. అంగడి ఉన్నది మడి గట్టున. ఆమె వ్యాపార రహస్యం చాలా సులువైనది. మెట్టవాళ్ళ దగ్గర సిగ కొలతతో కొనేది, మడివాళ్ళకు కోత కొలతతో అమ్మేది. రెండు గట్ల ఆచారాలనూ గౌరవించిన మనిషి ఆ బజారులో ఆమె ఒక్కతే. ఆ గౌరవం మీదే ఆమె ఇంటికి పైకప్పు, ఒంటికి బంగారం వచ్చాయి.

అలాంటి రోజుల్లో పాత దొర చనిపోయాడు. తన తరవాత ఎవరనేది చెప్పకుండా పోయాడు. పెద్ద భార్య మెట్టసీమ పిల్ల, చిన్న భార్య మడిసీమ పిల్ల. ఇద్దరికీ కొడుకులున్నారు. పెద్దదొర ఎగువ కోటలో కూర్చున్నాడు, చిన్నదొర దిగువ కోటలో కూర్చున్నాడు. మొదట రెండు గట్ల మధ్య పెళ్ళిళ్ళు ఆగాయి. అప్పుడు ఎవరూ దాన్ని యుద్ధం అనుకోలేదు. తరవాత సంత ఆగింది. అప్పుడు అందరికీ అర్థమైంది.

మొదటి పోరు రేవులోనే, మోకాలి లోతు నీళ్ళలో జరిగింది. ఎవరు గెలిచారో నాకు తెలియదు. రెండు వైపులా డప్పులు మాత్రం గెలిచినట్టే కొట్టారు. మర్నాడు పొద్దున కన్నికమ్మ కొట్టు తలుపు తీసేసరికి బస్తాల వెనక కరకరమని చప్పుడైంది. ఆమె చీపురు తిరగేసి పట్టుకుంది.

“ఎవర్రా అది?”

“మనిషిని సెట్టెమ్మా.”

“పందికొక్కయినా బాగుండు. అది పిడికెడు తిని పోతాది. నువ్వెంత తింటావో ఏమో.”

పచ్చి గింజలు నములుతూ కూర్చున్న ఆ మనిషి పేరు గిడ్డయ్య. పెద్దదొర దండులో ఈటె పట్టినవాడు. తొడలో పోటు తగిలి, చీకట్లో దిక్కు తెలియక ఏట్లో పాకి, దిగువ గట్టున తేలాడు. అంటే శత్రువు గట్టున. పట్టుబడితే తల తీసి రేవు గట్టున గుంజకు గుచ్చుతారు. అప్పటికే అక్కడ గుంజలు నాటి ఉన్నాయి.

కన్నికమ్మ అతని గాయం చూసింది, భుజాలు చూసింది, బస్తాలు చూసింది. ఆమె దగ్గర గింజలు కొలిచే మనిషిని చిన్నదొర దండువాళ్ళు ఈటె ఇచ్చి లాక్కుపోయారు. ఆ దండుకు పూటపూటా తినే బత్తెం గింజలు పోయాల్సింది మాత్రం ఆమే.

“బస్తా ఎత్తుతావా?”

“కాలు మానితే ఎత్తుతా.”

“మానేదాకా కూచోని కొలువు. ఎవరన్నా అడిగితే మా పుట్టింటి ఊరోనివి. కూడు పెడతా, కూలి తరవాత సూస్తా.”

ఆమె చేసింది జాలితోనా, లెక్కతోనా అని నేను చాలా కాలం ఆలోచించాను. ఆమె దగ్గర జాలి ఎక్కడ అయిపోతుందో, లెక్క ఎక్కడ మొదలవుతుందో తెలిసే గీత నాకు ఎప్పుడూ కనబడలేదు. బహుశా ఆమెకూ కనబడి ఉండదు.

గిడ్డయ్య తలపాగా మడివాళ్ళలా చుట్టడం నేర్చుకున్నాడు. మాట యాసా నేర్చుకున్నాడు. నోరు ఎంత త్వరగా గట్టు మారుస్తుందో చూస్తే ఆశ్చర్యం వేసింది. చెయ్యి మాత్రం మారలేదు. నాలో గింజలు పోసి, కోత కోయడానికని అరచెయ్యి ఎత్తేవాడు. ఎత్తిన చెయ్యి దిగేటప్పుడు కోసేది కాదు. ఇంకో గుప్పెడు పోసి, చుట్టూ నిమిరి, సిగ నిలబెట్టేది. పసిబిడ్డ తల దువ్వినట్టు ఉండేది ఆ నిమరడం.

“ఒరే! అది నీ అబ్బ సొత్తా? కొయ్యరా, కొయ్యి!” అని కన్నికమ్మ లోపలినుంచి అరిచేది.

“కోస్తాండా సెట్టెమ్మా. చెయ్యే ఇనడం లే.”

“నా బస్తాలు ఇంటాండాయి. రోజూ సన్నబడుతాండాయి.”

బత్తెం కోసం వరసలో నిలబడే చిన్నదొర దండువాళ్ళకు మాత్రం ఆ చెయ్యి బాగా నచ్చింది. వాళ్ళలో చెంగలరాయుడని ఒక లావుపాటి మనిషి ఉండేవాడు. అతని కండువా అందరికంటే పెద్దది. అతను సిగ వైపు చూసి, తరవాత గిడ్డయ్య వైపు చూసి, ఏమీ అనకుండా మూట కట్టుకుని పోయేవాడు. మడివాడెవడూ సిగ పోయడని అతనికి తెలియదా? తెలుసు. వరసలో అందరికీ తెలుసు. కానీ మూటలో పడ్డ గింజను వెనక్కి పోసిన సిపాయిని నేను చూడలేదు.

ఇలా ఉండగా దండులోని మాటలు ఎగువ కోటకు చేరుతున్నాయని పుకారు పుట్టింది. దండు సర్దారు కదిరప్పనాయుడు తెలివైనవాడు. చిన్నప్పుడు రేవు సంతల్లో తిరిగినవాడు. వేగులవాణ్ణి పట్టడానికి ఎవరినీ కొట్టలేదు, ప్రశ్నలు వేయలేదు. మెట్టసీమ నుంచి దోచుకొచ్చిన కొర్రల బస్తా ఒకటి తెప్పించి, బజారు మధ్యలో గుడ్డ పరిచి కుప్ప పోయించాడు. కన్నికమ్మ అంగట్లోంచి నన్ను తెమ్మన్నాడు.

“నోరు అబద్ధమాడుతాది. చెయ్యి ఆడదు,” అన్నాడు. “బజార్లో ఉండే ప్రతి మగోడూ వచ్చి ఒక మానిక కొలవల్ల. ఊరికే కొలవండప్పా, భయమేంది?”

దండంతా చుట్టూ మూగింది. అంతకుముందు ఎన్నో కొలతలు కొలిచాను గాని, మనిషిని కొలవడం నాకు అదే మొదలు. గానుగవాడు కొలిచాడు, కోశాడు. కుండలవాడు కొలిచాడు, ఒకటికి రెండుసార్లు కోశాడు. గుర్రాలకు గడ్డి అమ్మేవాడు కోసిన కోతకు సగం గింజలు ఎగిరిపోయాయి. అంత గట్టిగా తన మడితనం చాటుకున్నాడు. తరవాత గిడ్డయ్య వచ్చి కూర్చున్నాడు.

అతని వేళ్ళు చల్లగా ఉన్నాయి. కోయాలని అతనికి తెలుసు. బతుకు ఆ ఒక్క కోతలో ఉందని తెలుసు. అది వరి అయ్యుంటే కోసేవాడేమో. కానీ అవి కొర్రలు. అతని తల్లి విసిరిన కొర్రలు, తను విత్తిన కొర్రలు. చేతిలో పడగానే ఆ సన్నటి జారుడుకు చెయ్యి తన ఊరు పోయింది. అరచెయ్యి లేచింది, దిగింది. గుప్పెడు పోసింది. చుట్టూ నిమిరింది. నా తల మీద సిగ లేచి నిలబడింది. ఒక్క గింజ కూడా జారలేదు. అంత చక్కటి సిగ అతను అంతకుముందు ఎప్పుడూ పోయలేదు.

గిడ్డయ్య తన చెయ్యి వైపే చూస్తున్నాడు, అది వేరేవాడిదన్నట్టు.

“దొరికినాడు,” అన్నాడు కదిరప్పనాయుడు. ఇద్దరు ముందుకొచ్చి గిడ్డయ్య రెక్కలు పట్టుకున్నారు.

అప్పుడు కన్నికమ్మ కొంగు దోపుకుని గుడ్డ మీదికి వచ్చింది.

“నాయుడూ, వాని చెయ్యి ఇడువు. వాడు కొలిచింది నా కొలత.”

“నీ కొలతేంది సెట్టెమ్మా? నువ్వు సిగ పోసింది ఈ బజార్లో ఎవడన్నా సూసినాడా?”

కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

“అంగట్లో కోత కొలత. దండుకు సిగ కొలత. ప్రాణం ఇచ్చేటోనికి గింజ కోసి ఇస్తే నాకు ఉసురు తగులుతాది. దండుకు సిగ పొయ్యమని నేనే చెప్పినా. వానికి చెయ్యి అట్లనే అలవాటైంది. నమ్మకుంటే తిన్నోళ్ళనడుగు.”

ఆమె అలా ఎన్నడూ చెప్పలేదని నాకు తెలుసు. కోయమని అరిచిన అరుపులు ఇంకా నా ఇత్తడిలో మోగుతూనే ఉన్నాయి. కదిరప్పనాయుడు దండు వైపు తిరిగాడు. అతని కళ్ళు చెంగలరాయుడి పొట్ట దగ్గర ఆగాయి.

“ఏమప్పా, నీకు సిగ పోస్తాండాడా?”

ఇప్పుడు లెక్క మీరే చూడండి. ‘పోస్తున్నాడు, ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకు తెలుసు’ అంటే, చెప్పకుండా తిన్నందుకు తన తల పోవచ్చు. ‘సెట్టెమ్మ మాటే నిజం’ అంటే ఒక మనిషి బతుకుతాడు, రేపు కూడా మూట నిండుతుంది. చెంగలరాయుడు గడ్డం గోక్కున్నాడు.

“పోస్తాండాడు దొరా. మొదటినాడే అడిగినా, ఏందప్పా ఇది అని. ‘సెట్టెమ్మ పొయ్యమనింది’ అనినాడు. కోమటామె మనసు మారిందంటే వాన పడతాది అనుకున్నా. పడింది గూడ.”

దండు గొల్లుమంది. వెనకనుంచి ఇంకొకడు, “ఔ దొరా, నాకూ అట్లే చెప్పినాడు,” అన్నాడు. ఇంకొకడు, “మా తాత కాలంలో గూడా దండుకు సిగేనంట,” అన్నాడు. తరవాత ఎవరేమన్నారో వినబడలేదు. అందరూ ఒక్కసారే అన్నారు. ఆ రోజు అక్కడ అబద్ధం ఆడిన నోళ్ళన్నీ నా గింజలు తిన్న నోళ్ళే.

కదిరప్పనాయుడు నమ్మలేదు. నమ్మలేదని అతని ముఖం చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. కానీ రేవులో పెద్ద పోరు దగ్గర పడింది. ఇంత దండును ఇప్పుడు అబద్ధాలకోర్లనడం కుదరదని లెక్క వేసుకున్నాడు. అతనూ ఒక రకం వ్యాపారే.

“సరే,” అన్నాడు. “సెట్టెమ్మ మాట సెట్టెమ్మ నోటితోనే వచ్చింది. ఈ పొద్దునుంచి దండంతటికీ సిగ కొలతే. కోత కోసినట్టు తెలిస్తే అంగడికి నిప్పు పెడతా.”

కన్నికమ్మ అంగడి వైపు ఒకసారి చూసుకుంది. “దానికేముంది,” అంది. ఆ ఒక్క మాటకు ఆమెకు ఎన్ని బస్తాలు పోయాయో ఆమె ముఖమే చెప్పింది.

జనం చెదిరిపోయాక గిడ్డయ్య చెంగలరాయుణ్ణి అంగడి పక్కకు పిలిచాడు. “నన్నెందుకు కాపాడినావన్నా?” అని అడిగాడు.

“నువ్వు పోతే ఆ సెట్టెమ్మే కొలుస్తాది. దానికంటే సావు నయం.”

పోరు జరిగే రోజు పొద్దున దండంతా బత్తెం కోసం వచ్చింది. గిడ్డయ్య వరసగా సిగలు పోస్తున్నాడు. ఆ గింజలు తిని వాళ్ళు ఏరు దాటి కొట్టబోయేది అతని వాళ్ళనే. అది తెలిసీ అతని చెయ్యి తగ్గలేదు. తగ్గిద్దామని చూశాడేమో నాకు తెలియదు. చెంగలరాయుడు తన వంతు వచ్చినప్పుడు కండువా పరిచి, వంగి, చిన్నగా అడిగాడు.

“మీవాళ్ళు ఎవరన్నా ఉండారా ఆ పక్క?”

గిడ్డయ్య చెయ్యి నా అంచు మీద ఆగింది. చెబితే తను మెట్టవాడినని ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే, ఎదురుపడ్డప్పుడు ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?

“మా అన్న. మద్దిలేటి. డాలు పట్టడు. ఎడం చేతికి గొంగడి చుట్టుకుంటాడు. నల్ల గొంగడి, తెల్ల చార.”

“తెల్ల చార,” అన్నాడు చెంగలరాయుడు. మూట కట్టుకుని పోయాడు.

పోరు నేను చూడలేదు. అంగట్లో కూర్చున్న మానికకు యుద్ధమంటే దూరంగా డప్పులు, దుమ్ము, తరవాత వరస చిన్నది కావడం, అంతే. పొద్దు వాలేసరికి తిరిగొచ్చినవాళ్ళు బత్తెం తీసుకున్నారు. గిడ్డయ్య ప్రతి ముఖం చూసి పోశాడు. వరస అయిపోయినా నన్ను పక్కన పెట్టలేదు.

“అందరూ అయిపోయినారా?” అని కన్నికమ్మ అడిగింది. అతను రేవు దారి వైపే చూస్తున్నాడు, ఆ పెద్ద కండువా కోసం.

ఆ తరవాత వానలు వచ్చాయి. ఏరు నిండి ఎవరూ దాటలేకపోయారు. కొట్టుకోవడానికి వీల్లేని రోజుల్లో దొరలిద్దరికీ తాము అన్నదమ్ములమని గుర్తొచ్చింది. పెద్దమనుషులు కూర్చుని పాళేన్ని ఏటి వెంట రెండుగా కోశారు. సంధి విందుకు బియ్యం నాతోనే కొలిచారు. ఇద్దరు దొరలూ ఒకే పంక్తిలో తిన్నారు. ఇంతకుముందే తిని ఉంటే ఎంత ఖర్చు తగ్గేదో అని నాకనిపించింది గాని, మానిక మాట ఎవరడుగుతారు?

రేవు తెరిచాక ఎగువ గట్టునుంచి ఒక మనిషి తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. ఎడమ భుజం మీద నల్ల గొంగడి ఉంది. తెల్ల చార దగ్గర చిరిగి ఉంది. అన్నదమ్ములు అంగడి ముందు ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తరవాత మద్దిలేటి అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి, అడిగాడు.

“ఒరే, లావుపాటి మనిషొకడు ఏట్లో నా ఎదురుగ్గా వచ్చినాడు. ఈటె నా గుండెకాడ పెట్టినాడు. గొంగడి సూసి ఆగినాడు. ‘గిడ్డయ్య అన్నవా?’ అని అడిగినాడు. నేను నోరు తెరిచేలోపల మావాడొకడు వాన్ని పక్కనుంచి పొడిచినాడు. నీ పేరు వానికెట్ల తెలుసురా?”

గిడ్డయ్య అరుగు గుంజకు ఆనుకుని తల వంచుకున్నాడు. లోపలినుంచి కన్నికమ్మే చెప్పింది.

“ఈ అంగట్లో బత్తెం తీసుకునేవాడులే నాయనా. యాడ పెట్టినారు వాన్ని?”

“మా గట్టునే. మావాళ్ళ పక్కనే. గుంత తవ్వినప్పుడు ఎవరిది ఏ గట్టని ఎవరూ సూడలే.”

కాసేపటికి అన్నదమ్ములు బయలుదేరారు. కన్నికమ్మ, “ఉండండి, వాని కూలి,” అని నన్ను తీసుకుని వచ్చింది. తనే కూర్చుని కొర్రలు పోసింది. అరచెయ్యి ఎత్తి కోసింది. మద్దిలేటి మూతి పక్కకు తిప్పి, “మడి కొలత,” అని గొణిగాడు. “పోనీలే అన్నా,” అన్నాడు గిడ్డయ్య. ఆమె వినిపించుకోలేదు. పోస్తూ పోయింది, కోస్తూ పోయింది. రావలసిన కూలి దాటిపోయింది. అయినా పోసింది. ఒక్కదానికీ సిగ లేదు. లెక్క చూస్తే, సిగలు పోసినా ఆమెకు ఇంత పోయేది కాదు.

మూట కట్టబోతుంటే ఆపింది. “ఇంకొకటుంది. ఆ లావుపాటోనిది. పోరునాటి మాపటిది తీసుకోలేదు వాడు. వాని గుంతకాడ పోసి రాండి.”

నన్ను నింపింది. చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలో అలాగే నిలబడిపోయింది. కోయలేదు, పోయనూ లేదు. కాసేపటికి నన్ను గిడ్డయ్య వైపు జరిపింది.

“నా చేత కాదు. నువ్వు కొలువు.”

గిడ్డయ్య గుప్పెడు తీసుకుని పోశాడు. సిగ లేచింది గాని, నిలిచేలోపల కొన్ని గింజలు జారి అరుగు మీద పడ్డాయి. కన్నికమ్మ వాటిని ఏరలేదు. అన్నదమ్ములు రేవు దిగి కనుమరుగయ్యేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్ళిపోయింది. పిచ్చుకలు వచ్చి తిన్నాయి.